చేని మాట

తిమ్మమ్మ తన మరిదితో మాట్లాడి తొమ్మిదేళ్ళయింది. అసలు మాటే లేదని కాదు. మాట ఉంది. అది సీమావు మీదుగా పోతుంది.

పొద్దున ఆమె పాలు పిండే వేళకు రామకృష్ణప్ప తన వాకిట్లో పళ్ళు తోముకుంటూ నిలబడతాడు. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒకటే అడ్డం. తిమ్మమ్మ పొదుగు కడుగుతూ, "ఏమే, నీ పాలిది నువ్వు తిని ఊరకుంటావు గదా. కొందరుండారు చూడు, పక్కోళ్ళ గాట్లో గూడా మూతి పెడతారు," అంటుంది. ఆవుకు ఇది అలవాటే. రామకృష్ణప్ప పుక్కిలించి ఊసి ఇంట్లోకి తిరుగుతాడు. "జయా, ఆ ఆవుకు చెప్పు. గాడి దాని ఒక్కదాని సొత్తు కాదని." లోపలున్న జయలక్ష్మమ్మ అటూ చెప్పదు, ఇటూ చెప్పదు. ఆమె హోసూరులో అంగడి పెట్టుకున్నవాళ్ళ ఇంట్లో పుట్టింది. ఇద్దరు మనుషులు ఆవును నడుమ పెట్టుకుని పోట్లాడుకోవడం ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే చూసింది.

ఊరి పేరు సన్నబండపల్లి. తమిళ సీమలో, తళి నుంచి బస్సులో అరగంట. వేసవిలో కూడా తెల్లవారుజామున దుప్పటి కావలసిన చోటు. ఒకప్పుడు ఎటు చూసినా రాగి చేలు ఉండేవి. ఇప్పుడు గుట్ట ఎక్కి చూస్తే తెల్లటి ప్లాస్టిక్ ఇళ్ళు, ఎవరో చలవ బట్టలు ఆరేసి తీయడం మరిచిపోయినట్టు కనిపిస్తాయి. వాటి లోపల పూలు. ఆ పూలను ఊళ్ళో ఎవరూ తలలో పెట్టుకోరు. వాసన ఉండదు.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే పట్టా. అన్న చెన్నప్ప, తిమ్మమ్మ మొగుడు, పోయి పంతొమ్మిదేళ్ళు. భూమి రెండు తునకలు. మీది చేను రామకృష్ణప్ప చేసుకుంటాడు, బావి ఉన్న కింది చేను తిమ్మమ్మ చేసుకుంటుంది. కాగితంలో మాత్రం రెండూ ఇద్దరివీ. తొమ్మిదేళ్ళ కిందట ఒక పొద్దున మీది చేలో నేల చదును చేయడానికి జేసీబీ దిగి ఉంది. తిమ్మమ్మ పరుగున వెళ్ళి, "అడిగినావా?" అంది.

"నిన్నడిగేదేముంది వదినా? నా పక్క గదా అది."

"నన్ను గాదు. దాన్ని."

ఆమె వేలు భూమి వైపు ఉంది. రామకృష్ణప్ప జేసీబీ డ్రైవరు వంక చూసి నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు. అంతే. "అనుభవిస్తావు," అని చెప్పి ఆమె వెనక్కి వచ్చేసింది. నెల తిరగక ముందే మీది చేలోని బోరులో నీళ్ళు సన్నగిల్లాయి. వదిన నోరు మంచిది కాదని, శాపం పెట్టిందని రామకృష్ణప్ప ఊరంతా చెప్పాడు. తిమ్మమ్మ కాదనలేదు. కాదంటే అతనికి భయం పోతుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాగలి కానీ గడ్డపార కానీ, ఇనుము దిగే ముందు చెప్పులు విడవాలి. మన్ను ముట్టి కళ్ళకద్దుకుని, "ఒళ్ళు తాకుతాం తల్లీ, ఓర్చుకో," అనాలి. ఒక చెంబు నీళ్ళు పోసి అవి ఇంకిందాకా నిలబడాలి. ఇంకితే ఒప్పుకున్నట్టు. ఇంకకపోతే ఆ రోజుకు పని లేదు. తిమ్మమ్మ పదహారేళ్ళకు రాయకోట పక్కనుంచి ఈ ఇంటికి వచ్చినప్పుడు అత్త ఆమెకు నేర్పింది ఇదీ, ఇంకొకటీ. ఆ ఇంకొకటి చేని మాట.

చేలో నిలబడి మాట్లాడే మాట వేరు. పాము కనబడితే పురుగు అనాలి. రాగులు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆరు తర్వాత ఆరూ ఒకటి. ఏడు అంటే ఏడుపు, అది చేలో వినబడకూడదు. కింది చేని తూర్పు గట్టున కానుగ పొద కింద పసుపు పూసిన రాళ్ళు ఉన్నాయి. అన్ని ఊళ్ళలో వాటిని ఏడుగురు అక్కగార్లంటారు. ఈ ఇంట్లో ఆరుగురు అక్కలు, ఒక చెల్లెలు. నీళ్ళు ఎండిపోయినాయి, గింజలు అయిపోయినాయి అనే మాటలు చేలో పుట్టనే కూడదు. నిండుకున్నాయి అనాలి. కుండ అడుగంటినా నిండుకునిందే, బావి అడుగంటినా నిండుకునిందే.

"భూమికి చెవులుండాయి గానీ పసిబిడ్డ బుద్ధి," అని అత్త చెప్పేది. "వెటకారం తెలీదు, కోపం తెలీదు. ఏ మాట ఇంటే ఆ పని చేస్తాది." కొత్తకోడలుగా తిమ్మమ్మ ఒకసారి బావి గట్టు మీదినుంచి, "అత్తా, నీళ్ళు ఎండిపోయినాయి," అని అరిచింది. అత్త వచ్చి తడి చేత్తో మూతి మీద కొట్టింది. నలభై ఎనిమిదేళ్ళయింది. ఆ తర్వాత ఆ చేలో తిమ్మమ్మ నోట ఆ మాట రాలేదు.

ఇదంతా తెలిసినవాళ్ళు ఇప్పుడు ఇద్దరే. ఒకరు తిమ్మమ్మ. రెండోవాడు రామకృష్ణప్ప. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

కార్తీకంలో జీపు వచ్చింది. కృష్ణగిరి నుంచి దేవేంద్ర అనే అతను దిగాడు. పూల కంపెనీ తరఫున పొలాలు చూసి ఎక్కడ మొక్కలివ్వాలో తేల్చే మనిషి. రామకృష్ణప్ప కొడుకు యతీశ్ అతని వెంట ఉన్నాడు. యతీశ్‌కు ఇరవయ్యేడేళ్ళు. ఆరో తరగతి నుంచి కృష్ణగిరి హాస్టల్లో ఉండి తమిళంలో చదివాడు. హోసూరులో రెండేళ్ళు ఫ్యాక్టరీలో చేసి, షిఫ్టులు పడక తిరిగొచ్చి, మీది చేలో ఒక ప్లాస్టిక్ ఇల్లు వేసి జెర్బెరా పూలు పెట్టాడు. ఇప్పుడు రెండోది వేయాలి. మీది బోరు చాలదు. కింది బావి కావాలి.

రామకృష్ణప్ప కూడా వచ్చాడు కానీ జీపు దగ్గరే ఆగిపోయాడు. వదిన నిలబడిన గట్టు మీదికి అతను రాడు. తొమ్మిదేళ్ళుగా ఈ బావిలో నీళ్ళెట్లుంటాయో అతను చూడలేదు.

దేవేంద్ర బావిలోకి తొంగి చూసి ఒక రాయి వేశాడు. బుడుంగుమంది. అతని మొహం వెలిగింది. వేసవిలో ఎట్లుంటుందమ్మా అని తమిళంలో అడిగాడు.

తిమ్మమ్మకు తమిళం రాక కాదు. బస్సు కండక్టరుతో తమిళంలో తగువు పడుతుంది. కూరగాయల దలారితో కన్నడంలో పడుతుంది. కానీ ఆమె కాలు బావి గట్టు మీద ఉంది, ఇరవై అడుగుల దూరంలో అక్కలున్నారు.

"శివరాత్రికల్లా నిండుకుంటాది," అంది.

దేవేంద్ర యతీశ్ వైపు తిరిగాడు. యతీశ్ గబగబా తమిళంలో చెప్పాడు. "శివరాత్రికే నిండిపోతుందంట సార్."

"వానల్లేకుండానేనా?"

"కింద ఊట ఉండాది సార్. మా పక్క అట్లనే."

తిమ్మమ్మ విన్నది. కాదప్పా, అట్ల కాదు అంటే సరిపోయేది. మూడు మాటలు. ఆమె యతీశ్ కాళ్ళ వంక చూసింది. బూట్లతోనే చేలోకి దిగాడు. దూరంగా జీపుకు ఆనుకుని, చేతులు కట్టుకుని, భూమి మొత్తం తానే పుట్టించినట్టు నిలబడిన రామకృష్ణప్ప వంక చూసింది. అట్లనే పో, అనుకుంది. చేద పైకి లాగి, నీళ్ళు పాదుకు పోసింది.

కాగితం తమిళంలో ఉంది. యతీశ్ చదివి చెప్పాడు. కింది బావి నుంచి మీది చేనికి పైపు వేస్తారు. కింది చేను జోలికి రారు. నీళ్ళు చాలకపోతే కూట్టు పట్టాలోని, అంటే ఇద్దరి ఉమ్మడి భూమిలోని, ఏ చోటనైనా బోరు వేసుకోవచ్చు. ఆ చివరి మాట కూడా చదివాడు, దాచలేదు.

"కింది చేలో ఇనుము దించరు గదా?"

"నీళ్ళుండంగా ఎవరు దించుతారు పెద్దమ్మా?"

తిమ్మమ్మ తెలుగులో సంతకం పెట్టింది. పుట్టిన ఊరి బళ్ళో తెలుగులో అయిదు దాకా చదువుకుంది. సన్నబండపల్లి బళ్ళో తెలుగు తరగతి ఎప్పుడో ఆగిపోయింది. యతీశ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమి రాసినావో నాకు తెలీదు. తిట్టి రాసినా తెలీదు."

"తిట్టే రాయాల్సింది," అంది తిమ్మమ్మ.

పుష్యమాసమంతా మోటారు మోగింది. కింది చేలో తిమ్మమ్మ రాగులు కొట్టుకుంటోంది. కళ్ళం అంటే ఆమెకు ఇంటికంటే ఎక్కువ. బండలాగా గట్టిపడిన నేల అది. చెన్నప్ప, రామకృష్ణప్ప కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు వాళ్ళ నాయనతో కలిసి దిమ్మిసతో కొట్టి చదును చేశారు. ఆ తర్వాత ఏటేటా పేడ అలికి అలికి నల్లగా తేలింది. తిమ్మమ్మ తూర్పారబట్టి, కుప్ప చేసి, మొదటి చేట తీసి "లాభం" అనేటప్పుడు ఆమె గొంతులో ఒక మెత్తదనం వస్తుంది. ఆమెను ఎరిగినవాళ్ళెవరూ ఆ గొంతు బయట వినలేదు.

గోడ అవతల రామకృష్ణప్ప ఉషారుగా ఉన్నాడు. "జయా, ఆ ఆవుకు చెప్పు. దాని బావి నీళ్ళన్నీ మన పువ్వుల్లోకి వస్తా ఉండాయని."

"తాగనీలే," అంది తిమ్మమ్మ ఆవు వీపు నిమురుతూ. "ఎన్నాళ్ళు తాగుతారో తాగనీ."

ప్రతి సాయంత్రం ఆమె వెళ్ళి బావిలోకి చూసేది. మెట్లు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. ఎప్పుడూ ఇంత తొందరగా పడవు. మోటారు పెట్టినందువల్ల ఈసారి శివరాత్రికి ఇంకా వారం ఉండగానే అడుగున బురద కనబడింది. ఆ పొద్దు యతీశ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోటారు గాలి పీలుస్తూ గుర్రుగుర్రుమంటోంది.

"పెద్దమ్మా, బావిలో నీళ్ళు లేవు."

"చేలో ఆ మాట అనొద్దు."

"లేవు గాబట్టే లేవంటా ఉండా. శివరాత్రికి నిండుతాదని చెప్పినావు గదా?"

"నిండుకుంటాదన్నా."

"రెండూ ఒకటే గదా?"

"మీ నాయన్ని అడుగు పో."

యతీశ్ ఇంటికి వెళ్ళి నాయన్ను అడిగాడు. అప్పటికి ఇల్లు చేరిన తిమ్మమ్మ గోడ ఇవతల ఆవుకు కసువు వేస్తూ ఉంది. అటువైపు ఒక లోటా నేల మీద పడి దొర్లిన చప్పుడు వచ్చింది.

"నీ తలకాయరా నీది. బియ్యం నిండుకున్నాయంటే ఏమర్థం? కుండలో గింజ లేదని."

"నాకెట్ల తెలుస్తాది? మనింట్లో ఎవరన్నా అట్లంటారా? హాస్టల్లో అయితే తీర్ందుపోచ్చు అంటారు."

"మా పక్క అయిపోయినాయంటాం," అంది జయలక్ష్మమ్మ.

"నువ్వు నేర్పింటే గదా వాడికి తెలిసేది."

"నాకు నేర్పిందెవరు? నువ్వు ఆడనే ఉండి, జీపు కాడ ఎందుకు నిలబడినావు? గట్టు మీదకు పోయింటే నీ చెవికే పడుండు గదా."

గోడ ఇవతల తిమ్మమ్మకు చలికాలం పొద్దున వేడి వేడి సంగటి ముద్ద మింగినట్టయింది. లోపలంతా వెచ్చగా దిగింది. ఆ వెచ్చదనం మూడు రోజులు ఉంది.

నాలుగో రోజు దేవేంద్ర మళ్ళీ వచ్చాడు. వెంట నీళ్ళు చూసే మనిషిని తెచ్చాడు. ఆ మనిషి అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని కింది చేనంతా తిరిగాడు. ఎక్కడా కదలని కాయ తూర్పు గట్టున కానుగ పొద దగ్గరికి రాగానే నిలువుగా లేచి నిలబడింది. సరిగ్గా అక్కలున్న చోట.

"గుడి కట్టిస్తాం పెద్దమ్మా," అన్నాడు యతీశ్. "రాళ్ళు ఆ మూలకు మార్చి, కింద టైల్స్ ఏసి, చుట్టూ గ్రిల్ పెట్టి, కరెంటు బల్బు గూడా."

"టైల్స్ మీద ఎండకు వాళ్ళ కాళ్ళు కాలతాయి."

"రాళ్ళకు కాళ్ళుండాయా?"

"నీకు తలకాయుండాదా?"

కానీ ఆమె గొంతులో పట్టు తగ్గింది. కాగితంలో చివరి మాట ఇప్పుడు గుర్తొచ్చింది. మరునాడే తళికి, అక్కడినుంచి హోసూరుకు, అక్కడినుంచి కృష్ణగిరికి బస్సులు మారి వెళ్ళింది. ఆఫీసుల ముందు చెట్టు నీడలో బల్ల వేసుకుని అర్జీలు రాసే ముసలాయనకు కాగితం నకలు చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివాడు.

"ఈ తెలుగు సంతకం నీదేనామ్మా?"

"నాదే."

"చదవకుండా పెట్టినావా?"

"మా మరిది కొడుకు చదివి చెప్పినాడు."

"ఈ బోరు మాట గూడా చెప్పినాడా?"

"చెప్పినాడు."

"అయితే ఇన్నావు."

"ఇన్నా."

"మళ్ళ నీళ్ళుంటాయనుకుని పెట్టినావా, ఉండవని తెలిసే పెట్టినావా?"

తిమ్మమ్మ కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మామిడి తోటలు చూస్తూ వచ్చింది. ఉచ్చు తానొక్కతే పన్నాననుకుంది. అది తన కాలికి కూడా చాలేంత పొడుగుందని అప్పుడు చూసుకోలేదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున తిరుచెంగోడు నుంచి బోరు లారీలు రెండు వచ్చాయి. కింది చేని గట్టు తెగ్గొట్టి లోపలికి దిగాయి. తిమ్మమ్మ అప్పటికే అక్కల ముందు కూర్చుని ఉంది. దేవేంద్ర, యతీశ్, ఊళ్ళోవాళ్ళు పదిమంది చుట్టూ చేరారు. రామకృష్ణప్ప గట్టు అవతల నిలబడ్డాడు.

లారీ మేస్త్రి యాభై దాటిన మనిషి, నుదుట విభూది. దిగీ దిగగానే చెప్పులు లారీ కింద విడిచాడు. అది తిమ్మమ్మ చూసింది. అతను పొద దగ్గరికి వచ్చి, పసుపు పూసిన రాళ్ళనూ ముందు కూర్చున్న మనిషినీ చూసి ఆగిపోయాడు.

"ఈ రాళ్ళకు చేసేదెవరు?" అని తమిళంలో అడిగాడు.

అందరూ తిమ్మమ్మను చూపించారు.

"అయితే ఈమె చెప్పందే నేను మిషను పెట్టను. రెండు చోట్ల పెట్టి రాడ్లు ఇరుక్కుని పోగొట్టుకున్నాను. చాలు."

"ఆమెని అడగొద్దు," అని రామకృష్ణప్ప గట్టు అవతలినుంచి గట్టిగా అన్నాడు. "ఆమె నోరు మంచిది గాదు."

"సామీ, నోరు సంగతి కాదు. తల్లీ, నువ్వు చెప్పు. ఇక్కడ దించాలా? ఆ బావి సంగతేమిటి? నిజంగానే నీళ్ళు లేవా?"

యతీశ్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఈసారి బూట్లు లేవు. భయపడి విడిచాడో దుమ్మవుతాయని విడిచాడో తెలియదు. "ఈసారి నేను చెప్పను. నువ్వే చెప్పు. అందరికీ అర్థమయ్యేటట్ల చెప్పు."

తిమ్మమ్మ లేచి నిలబడింది. చేని మాటలో చెబితే వీళ్ళు మళ్ళీ తమకు కావలసిందే వింటారు. మామూలు మాటలో చెబితే అక్కలు వింటారు, విన్నదే చేస్తారు. ఆమె ఒకసారి రాళ్ళ వైపు, ఒకసారి మేస్త్రి వైపు చూసింది. అక్కలకు అరవం రాదు. ఎవరూ వాళ్ళతో ఎప్పుడూ ఆ భాషలో మాట్లాడలేదు.

"వరండు పోచ్చు," అంది.

ఎండిపోయింది. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ చేలో అనని మాట అది. తర్వాతవన్నీ కూడా తమిళంలోనే, బస్సులో తగువాడే గొంతుతోనే వచ్చాయి. ఈ ఎనిమిదేళ్ళుగా ఆ బావి ఏటేటా శివరాత్రికి ఎండిపోతుంది. తనకు తెలుసు. ఆ రోజు చెప్పింది కూడా అదే. ఈ పిల్లవాడు తప్పుగా చెప్పాడు. తప్పుగా చెప్పాడని అప్పుడే తెలుసు. విని ఊరుకుంది.

ఊళ్ళోవాళ్ళలో ఎవరో దగ్గారు.

"ఆ పొద్దే ఈ అరవంలో చెప్పుండొచ్చు గదా పెద్దమ్మా," అన్నాడు యతీశ్. కోపం లేదు గొంతులో. అది ఉన్నా బాగుండేది.

"చెప్పుండొచ్చు."

"మళ్ళ ఎందుకు చెప్పలేదు?"

తిమ్మమ్మ గట్టు వైపు చూసింది. "మీ నాయన ఆడ నిలబడుండె. చెడిపోనీ అనుకున్నా."

రామకృష్ణప్ప గట్టు దాటి చేలోకి దిగాడు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. "ఇన్నారు గదా అందరూ? ఈమెది శాపమంటే నవ్వినారే. శాపం గాదు, కుట్ర. ఎనిమిది వేల మొక్కలు. నా కొడుకు పొద్దూ మాపూ పసిబిడ్డల మాదిరి సాకినాడు." అతను వదిన మొహంలోకి చూశాడు. "రాళ్ళు లేపేదే. ఇంక ఏ మొహం పెట్టుకుని వద్దంటావు?"

వద్దనడానికి ఆమె దగ్గర మొహం లేని మాట నిజమే. పదిమంది వంకా చూసింది. ఒక్కరైనా ఆమె పక్క నిలబడేట్టు లేరు. ఎవరినీ ఆమె అట్లా ఉంచుకోలేదు.

"రాళ్ళు వద్దు," అంది. "కళ్ళం తీసుకోండి. ఆడ దించండి."

కళ్ళం పొదకు నలభై అడుగుల దూరంలో ఉంది. మేస్త్రి వెళ్ళి చూసి, మడమతో తట్టి, వాలు ఇటే ఉంది కాబట్టి దొరకవచ్చు, దొరక్కపోవచ్చు అన్నాడు. దేవేంద్ర ఏదో ఒకచోట దించమన్నాడు. అతనికి రాయకోటలో ఇంకో పొలం చూసే పని ఉంది. రామకృష్ణప్ప మాత్రం కళ్ళం వైపు చూస్తూ ఉండిపోయాడు. దాన్ని కొట్టిన దిమ్మిస బరువు అతని భుజాలకు తెలుసు.

"కళ్ళం ఇచ్చేస్తే రాగులు యాడ కొడతావు?" అన్నాడు. ఆవు లేకుండా, జయ లేకుండా, నేరుగా.

"అది నీకెందుకు?"

అతను మొహం తిప్పుకున్నాడు.

మేస్త్రి భూమిని ఆమెనే అడగమన్నాడు. తిమ్మమ్మ చెంబు తెప్పించి, కళ్ళం నడుమ మన్ను ముట్టి కళ్ళకద్దుకుని, పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది. నీళ్ళు పోసింది. నీళ్ళు నల్లటి అలుకు మీద గుండ్రంగా పరుచుకుని నిలబడిపోయాయి. అందరూ చూస్తున్నారు. లారీ ఇంజను ఆడుతూ ఉంది. నీళ్ళలో ఆకాశం కదలకుండా ఉంది. యాభయ్యేళ్ళు కొట్టి, అలికి, ఒక్క చుక్క దిగకుండా చేసిన నేల అది. ఎట్లా ఇంకుతుంది?

"ఇంకలేదు," అన్నాడు రామకృష్ణప్ప. ఆ మాట ఎగతాళిగా అనలేదు. అతని మొహంలో చిన్నప్పటి భయం కనిపించింది.

తిమ్మమ్మ ఇంకా కాసేపు చూసింది. తర్వాత కూర్చుని, నీళ్ళ కింద వేళ్ళు పెట్టి, గోళ్ళతో అలుకును గీరింది. పెచ్చు లేచింది. మళ్ళీ గీరింది. కింది ఎర్రమన్ను బయటపడగానే నీళ్ళు సుడి తిరిగి లోపలికి దిగిపోయాయి. అందరూ చూశారు. ఆమె గోళ్ళలో పేడమన్ను అలాగే ఉండగా లేచి, "ఇంకినాయి, దించు," అని మేస్త్రితో అంది.

సాయంత్రం దాకా దించారు. బూడిదరంగు దుమ్ము లేచి చేనంతా, కానుగ పొదంతా కమ్మింది. ఆరువందల ఎనభై అడుగుల దగ్గర నీళ్ళు తగిలాయి. ఒకటిన్నర ఇంచి. పొంగిపొర్లలేదు, లేదనడానికీ లేదు. సగం మొక్కలు అప్పటికే పీకేసినవే, మిగతావి బతికాయి. తిమ్మమ్మ ఇంటికి పోయే ముందు అక్కల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తుడుస్తున్నంతసేపూ వాళ్ళతో ఏమీ మాట్లాడలేదు. ఏ మాటలో మాట్లాడాలో ఆమెకు తోచలేదు.

మళ్ళీ పుష్యం వచ్చింది. కింది చేలో రాగులు బాగా పండాయి. కళ్ళం ఉన్నచోట ఇప్పుడు సిమెంటు గచ్చు, మోటారు పెట్టె, తాళం వేసిన ఇనుప తలుపు. కొట్టడానికి చోటు లేక తిమ్మమ్మ అందరిలాగే రాగి కట్టలు తెచ్చి తళి తారురోడ్డు మీద పరిచింది. బస్సులూ లారీలూ తొక్కి పోతాయి, గింజలు రాలతాయి. కూలికి వచ్చిన తనూజ అనే పిల్ల, రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచి, కర్రతో తిరగేస్తోంది.

పొద్దెక్కేసరికి యతీశ్ టెంపో వచ్చింది. వెనక హోసూరుకు పోయే పూల పెట్టెలు, ముందు పక్కన రామకృష్ణప్ప. రాగుల అంచు దగ్గరికి వచ్చి టెంపో ఆగింది. కిటికీ అద్దం దించి ఉంది. మాటలు ఇటు వినిపిస్తున్నాయి.

"తొక్కొద్దు. తిప్పు," అన్నాడు రామకృష్ణప్ప.

"నాయనా, తొక్కితేనే గదా మంచిది. గింజలు రాలతాయి."

"అందుకే చెప్తా ఉండేది. ఆమె రాగులు తొక్కి పెట్టేదానికి నేనేమన్నా ఆమె ఎద్దునా?"

"చుట్టు తిరిగితే అయిదు మైళ్ళు ఎక్కువ."

"పది గానీ. తిప్పు."

యతీశ్ పెద్దమ్మ వంక ఒకసారి చూశాడు. పలకరింపు కాదు, తిట్టు కాదు. టెంపో వెనక్కి పోయి, మట్టి దారిలోకి తిరిగి, దుమ్ము లేపుకుంటూ గుట్ట చాటుకు పోయింది. తిమ్మమ్మ ఆ దుమ్ము అణిగిందాకా చూసింది.

"ఎవరక్కా వాళ్ళు, ఇంత మంచి రోడ్డిడిచి అట్ల పోతారు?" అంది తనూజ.

"మా మరిది."

"ఆ దారంతా గుంతలు గదా. ఎండ వేరే."

"పూలు వాడిపోతాయి," అంది తిమ్మమ్మ. కర్ర అందుకుని, ఇంకా ఏ చక్రమూ పడని పక్క కట్టలు తిరగేసింది. దూరంగా మలుపులో హోసూరు బస్సు హారన్ వినిపించింది. ఇద్దరూ రోడ్డు దిగి నిలబడ్డారు.